శుభ్రమైన ప్రతి

నగర బ్యాండు వారి కాగితాల గదిలోకి వెళ్ళాలంటే మెట్ల కింద తల వంచుకుని వెళ్ళాలి. ఇరవై రెండేళ్ళుగా వెళ్తున్నా బీరువా అక్క వారానికి ఒక్కసారైనా అక్కడి దూలానికి నుదురు కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ సోమవారం పొద్దున కూడా కొట్టుకుంది. "నీ మొహం మండ, నువ్వు కదలవు, నేను నేర్చుకోను" అని దూలాన్ని తిట్టి, నుదురు రుద్దుకుంటూ తాళం తీసేసరికి వెనకాలే కొత్త మాస్టారు ఒక జాబితా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

కొత్త మాస్టారు వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. పదేళ్ళ కిందట పెద్ద మాస్టారు పదవి దిగిపోయాక వచ్చినవాళ్ళెవరూ పాత బాణీల జోలికి పోలేదు. బ్యాండు నడిపించడం పెద్ద చదువు చదివి మరీ నేర్చుకున్నవాడు. మనిషి మంచివాడే. కాకపోతే నడిచేటప్పుడు కూడా తాళం వేసుకుంటూ నడుస్తాడు, ఎదుటివాళ్ళు ఒక్క మాట వెనకబడితే ఓర్చుకోలేడు.

"అక్కా, బ్యాండుకి వందేళ్ళు నిండుతున్నాయి కదా. ఆ రోజు అన్నీ పాత బాణీలే వాయిద్దామనుకుంటున్నాను. పదకొండు ఎంచాను. వీటి స్కోర్లు తీసిపెట్టు, నేను చదువుకోవాలి."

"స్కోర్లేనా, అందరి కాగితాలూ తియ్యనా?"

"ముందు స్కోర్లు."

బ్యాండు సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. వాయించే ముప్ఫై అయిదుమందికీ ఎవరి కాగితం వాళ్ళకుంటుంది. క్లారినెట్టువాడి కాగితంలో క్లారినెట్టు గొడవే ఉంటుంది, డ్రమ్ము కొట్టేవాడి కాగితంలో డ్రమ్ము గొడవే ఉంటుంది. ఎదురుగా నిలబడి పుల్ల ఊపే మాస్టారికి మాత్రం అందరి వరసలూ ఒకదాని కింద ఒకటి పేర్చిన పెద్ద పుస్తకం ఉండాలి. దాన్నే స్కోరు అంటారు. అది లేకపోతే ఎవడు ఎప్పుడు అందుకోవాలో, ఎవడు ఎక్కడ తప్పాడో ఆయనకు తెలిసే దారి లేదు.

బీరువా అక్కకు పాట చదవడం రాదు. కాగితం నెత్తిన ఉన్న పేరు చదవడం వచ్చు, ఏ పేరు ఏ అట్టలో ఉందో చెప్పడం వచ్చు, చిరిగిన అంచుకు గుడ్డపట్టీ అతికించడం వచ్చు. ఆ మాత్రం పని ఆమెలా చేసేవాళ్ళు ఇంకెక్కడా లేరని ఆమె నమ్మకం, నిజం కూడా. ఒకప్పుడు ఆ గదిలో నాలుగు బీరువాలు, వాటి మీద కట్టలు, కట్టల మీద దుమ్ము. ఇప్పుడు రెండే బీరువాలు. ప్రతి అట్టకూ తెల్ల నాడా, ప్రతి నాడాకూ ఒక్క లాగుతో ఊడే ముడి. ఎవరైనా గదిలోకి వస్తే ఏదో ఒక వంక పెట్టుకుని బీరువా తలుపు తీసి చూపించనిదే వదలదు.

మొదటి అట్ట విప్పింది. ఫ్లూటు ఒకటి, క్లారినెట్లు ఎనిమిది, కార్నెట్లనే పొట్టి బాకాలు, ట్రాంబోన్లు, చివరికి డ్రమ్ము. వేలికి తడి చేసుకుని కాగితాలు లెక్కపెట్టింది. స్కోరు లేదు.

"పక్కదాంట్లో కలిసిపోయి ఉంటుంది" అంది.

పక్కదాంట్లోనూ లేదు. మూడోది విప్పింది, నాలుగోది విప్పింది. ఏడో అట్టకు వచ్చేసరికి ముడి ఒక్క లాగుతో ఊడలేదు. పదకొండు అట్టలూ బల్ల మీద నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ స్కోరు లేదు.

కొత్త మాస్టారు వేళ్ళతో తాళం వేయడం ఆపేశాడు. "ఒకటి పోయిందంటే పోయిందనుకోవచ్చు. పదకొండూ పోతాయా అక్కా?"

బ్యాండు ఆఫీసు సూపరింటెండెంటుగారు కూడా అదే అన్నారు, ఇంకాస్త ఉప్పూ కారం వేసి. ఆయన కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుని, టీ గ్లాసులోకి ఊదుకుంటూ అంతా విని, "చెదలు పట్టాయనుకుందాం. ముప్ఫై అయిదు కాగితాలూ వదిలేసి మాస్టారి పుస్తకం ఒక్కటే ఏరుకుని తింటాయా? అంత చదువుకున్న చెదలా?" అన్నారు. తన హాస్యానికి తనే నవ్వుకుని, టీ ఒక గుక్క తాగి గొంతు తగ్గించారు. "పెద్ద మాస్టారు పదవి దిగిపోయిన రోజున రెండు ట్రంకుపెట్టెలు పట్టుకెళ్ళారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఒక్కో పెట్టె ఇద్దరేసి మోశారు. ఉత్త బట్టలకి ఇద్దరు మనుషులెందుకమ్మా?"

"పెద్ద మాస్టారు అలాంటివారు కాదండీ."

"నేను మాత్రం అవుననాలని అంటున్నానా? పాత కాగితాలంటే ప్రాణాలిచ్చి దాచుకునేవాళ్ళున్నారట ఇప్పుడు. ముసలితనంలో ఎవరి బుద్ధి ఎలా తిరుగుతుందో. వందేళ్ళ పండగకి రిహార్సల్ హాలుకి ఆయన పేరు పెడదామని బోర్డు కూడా రాయించాం. తీరా పెట్టాక ఈ సంగతి బయటపడితే నలుగురూ మన మొహాన ఉమ్మరా?"

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టారు.

"ఒక కాగితం రాయిస్తాను. నువ్వు గది చూసుకునే మనిషివి కాబట్టి సంతకం పెట్టు. పెద్ద మాస్టారు ఉన్నంతకాలం స్కోర్లు ఉండేవి, ఆయన వెళ్ళాక కనబడలేదు. అంతే, రెండు ముక్కలు. ఆయన మీద నేరం మోపడం లేదు."

"నాకు అలా గుర్తు లేదండీ."

"గుర్తు లేకపోతే తాళంచెవి ఎవరి దగ్గరుందో అది గుర్తు చెయ్యాల్సి వస్తుంది" అన్నారు సూపరింటెండెంటుగారు, ఏమాత్రం కోపం లేకుండా.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. గురువారం దాకా గడువు అడిగింది. ఆయన క్యాలెండరు వంక చూసి ఇచ్చారు.

మంగళవారం పొద్దున గదంతా తిరగేసింది. బీరువాల వెనక చెయ్యి పెట్టి చూసింది, అరల్లో పరిచిన కాగితాలు ఎత్తి చూసింది, యూనిఫారాల గదిలో బూట్ల వెనక చూసింది. ఒక ఎండిపోయిన తొండ, ఎప్పుడో పోయిందనుకున్న తన కత్తెరా దొరికాయి. తర్వాత పాత రిజిస్టరు తీసి కూర్చుంది. ప్రతి బాణీకీ ఒక పేజీ, పేజీ నిండా వాయిద్యాల పేర్లు, ఎదురుగా అంకెలు. ఒకటో కార్నెట్టు దగ్గర మూడు అని ఉండి, దాని మీద ఎర్రగీత కొట్టి రెండు అని రాసి, పక్కన తన పొడి సంతకం ఉంది. ఆ ఎర్రగీతలన్నీ మూడేళ్ళ కిందట కప్పు కారినప్పటివి. అదనపు ప్రతులు తీసెయ్యమని పైనుంచి ఉత్తరువు వస్తే పదిహేను రోజులు నేల మీద కూర్చుని, ప్రతి అట్టా విప్పి, అవసరానికి మించినవి ఏరి, నాలుగు బీరువాల సరుకు రెండు బీరువాల్లో సర్దింది. ఆ రోజుల్లో పడ్డ నడుం నొప్పి ఇప్పటికీ పోలేదు. స్కోరు అని మాత్రం రిజిస్టరులో ఏ పాత బాణీ ఎదురుగానూ ఒక గడి కూడా లేదు. పూర్వం రాసినవాళ్ళు మర్చిపోయారు కాబోలు అనుకుని మూసేసింది.

పాతవాళ్ళలో బ్యాండులో ఇంకా మిగిలింది పెద్ద డ్రమ్మాయన ఒక్కడే. మెట్ల మీద కూర్చుని డ్రమ్ము తాళ్ళు బిగించుకుంటున్న ఆయన్ని అడిగింది. "మాస్టారి ముందు ఏదో ఉండేదమ్మా. కాగితమో పుస్తకమో ఎవడు చూశాడు? నా చూపంతా ఆయన చేతి మీదే. చూపు తిప్పితే తోలు ఒలిచేవాడు" అన్నాడాయన.

మధ్యాహ్నం పెద్ద మాస్టారి ఇంటికి బయల్దేరింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక వీధి చివర బస్సు దిగి, ఆ వీధే రెండుసార్లు నడిచింది.

తలుపు తీసింది మాస్టారి చెల్లెలు. డెబ్బై ఏళ్ళుంటాయి, కత్తికి రెండువైపులా పదునైతే ఆమె నోటికి నాలుగువైపులా. అన్నకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిన నాటినుంచి ఇద్దరి తరఫునా ఆమే మాట్లాడుతుంది.

"రా. నువ్వొస్తావని తెలుసు. మీ ఆఫీసు నుంచి పొద్దున్నే ఒకడొచ్చి పెట్టెలున్నాయా అని అడిగి వెళ్ళాడు. వాడికి చూపించలేదు, నీకు చూపిస్తాను. చూసుకో, తనివితీరా చూసుకో."

"పిన్నిగారూ, నేను అందుకు రాలేదు."

"ఇంకెందుకొచ్చావు? మీ ఆయన పోతే, అడక్కముందే ఆఫీసు చుట్టూ తిరిగి నిన్ను ఆ గదిలో కూర్చోబెట్టిందెవరే? ఇప్పుడు ఆయన దొంగా?"

ఆవిడ మంచం కిందినుంచి రెండు పెట్టెలూ తనే ఈడ్చింది, సాయం చెయ్యబోతే చెయ్యి తోసేసింది. మూత తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. అన్నీ యూనిఫారం కోట్లు. ఇత్తడి బొత్తాలతో బరువైన పాత కోట్లు, పురుగులు కొరికిన కాలర్లు, ప్రతి కోటు జేబుకూ గుండుసూదితో ఒక చీటీ. రెండో ట్రాంబోను. పికోలో. చిన్న డ్రమ్ము. ఉద్యోగంలో ఉండగానే పోయినవాళ్ళ కోట్లు అవి, ఇంటివాళ్ళు తీసుకెళ్ళనివి. గోదాములో చీకిపోతాయని మాస్టారు తెచ్చి పెట్టుకున్నారు. రెండో ట్రాంబోను కోటు మోచేతి దగ్గర తన చేత్తో వేసిన కుట్టు ఆమె గుర్తుపట్టింది. భర్త కోటు దాచుకోవాలని ఆనాడు తనకు తోచనే లేదు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

మాస్టారు కిటికీ పక్క మంచం మీద దిళ్ళకు ఆనుకుని ఉన్నారు. కుడి చెయ్యి తనది కానట్టు ఒళ్ళో పడి ఉంది. కళ్ళు మాత్రం పూర్వంలాగే ఎదుటివాడి తప్పు వెతుకుతున్నాయి. ఆమె స్టూలు జరుపుకుని కూర్చుంది.

"మాస్టారూ, పాత బాణీల స్కోర్లు కనబడడం లేదు. మీరు తెచ్చారని కాదు. ఎక్కడ పెట్టేవారో చెబితే చాలు. మీరు దేన్ని చూసి నడిపించేవారో అది."

ఆయన విన్నారు. ఎడమ చెయ్యి మెల్లగా లేపి నోటి ముందు పెట్టుకుని, మూడు వేళ్ళు గాలిలో ఒకటి తర్వాత ఒకటి నొక్కారు. ఆగి, ఆమె మొహంలోకి చూసి, మళ్ళీ నొక్కారు.

"దాహమేమో" అని చెల్లెలు గ్లాసు తెచ్చింది. ఆయన గ్లాసు తోసేశారు, నీళ్ళు దుప్పటి మీద ఒలికాయి. మళ్ళీ అవే మూడు వేళ్ళు. ఈసారి కోపంగా, మెడ నరాలు ఉబ్బేటట్టు. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది, మాట రాలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారడం మొదలైంది. తప్పు వాయించినవాళ్ళని ఏడిపించిన మనిషి అలా ఏడవడం ఆమె చూడలేకపోయింది.

"కార్నెట్టు, పిన్నిగారూ. మీటలు నొక్కుతున్నారు. బాకా బాబాయిని అడగమంటున్నారు" అంది లేస్తూ. మాస్టారు తల అడ్డంగా ఊపారు. ఊపింది కాదని చెప్పడానికో, ఏడుపు ఆపుకోవడానికో తెలియలేదు.

బుధవారం బాకా బాబాయిని వెతుక్కుంటూ వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళు ఒకటో కార్నెట్టు వాయించినవాడు. పై పళ్ళు ఊడిపోయాక కార్నెట్టు అటకెక్కించి, ఇప్పుడు కొడుకు సైకిళ్ళ షాపు ముందు కూర్చుని ట్యూబులకు పంక్చర్లు వేస్తున్నాడు. ట్యూబులో గాలి నింపి, నీళ్ళ తొట్టిలో ముంచి, ఎక్కడ బుడగలొస్తాయా అని చెవి ఒగ్గి మరీ చూస్తాడు. ఆయనకు చెవి మీదే నమ్మకం.

"ఏమే అమ్మాయ్, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా? కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దానికి మూడు కాళ్ళే."

జరిగిందంతా చెప్పింది. స్కోర్ల సంగతి, పెట్టెల సంగతి, రేపు పెట్టాల్సిన సంతకం సంగతి. ఆయన ట్యూబు నీళ్ళల్లో వదిలేసి నోరు తెరుచుకుని విన్నాడు. విని, పళ్ళు లేని నోటితో పకపకా నవ్వాడు.

"స్కోరా? పాతవాటికి స్కోరు ఎప్పుడేడిసింది? అచ్చువేసినవాడు వెయ్యలేదు, మేం చూడలేదు."

"లేకపోవడమేమిటి బాబాయ్?"

"ఆ రోజుల్లో బ్యాండు సంగీతానికి అంతంత పుస్తకాలు ఎవడేస్తాడే? కట్టలో అందరి కాగితాలూ వచ్చేవి, అంతే. కార్నెట్టే కదా బాణీ మోసేది? అందుకని కార్నెట్టు కాగితం ఒకటి ఎక్కువ పంపేవాడు. దాంట్లో మిగతావాళ్ళు ఎక్కడ అందుకోవాలో సన్న అచ్చులో ఉండేది. అదే మాస్టారి ముందు పెట్టుకునేది. ఒకటో కార్నెట్టు వాయించే మా ఇద్దరికీ రెండు, ఆయనకి ఒకటి. మూడు."

ఆమెకు ఒక్కసారి గాలి ఆడింది. మాస్టారు దొంగ కాదు. ఎవరూ దొంగ కాదు. లేని పుస్తకాన్ని ఎవరు మాత్రం ఎత్తుకుపోతారు? లేచి ఆ ముసలాయన నల్లటి చేతులు రెండూ పట్టుకుంది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారట, అలా ఉంది మీ యవ్వారం" అన్నాడాయన ఇంకా నవ్వుతూ. "నీ బీరువాలోనే ఉంటుంది చూడు. కార్నెట్టు కాగితాల్లోనే కలిపి పెట్టేవాడు. తనే తెచ్చుకునేవాడు, తనే పెట్టేవాడు, ఇంకొకళ్ళని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలుతో గీకి గీకి పెట్టేవాడు, ఖాళీ ఉండేది కాదు. ఎర్రది ఇత్తడి బాకాల వాళ్ళకి, నీలం క్లారినెట్ల వాళ్ళకి. ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ ఆగాలో, ఎవడు ఎక్కడ తప్పుతాడో, వాడి పేరుతో సహా. నా పేరు ఎన్నిచోట్ల ఉండేదో! నలభై ఏళ్ళ రాత అది. అది ముందుంటే బ్యాండు మొత్తం ఆయన గుప్పెట్లో ఉన్నట్టే."

బీరువా అక్క ఆయన చేతులు వదిలేసింది.

ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు. ఆమెకు బాగా గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? మూడేసి కార్నెట్టు కాగితాల్లో రెండు శుభ్రంగా ఉండేవి. మూడోది అంచులు చిరిగి, వేళ్ళ మురికితో నల్లబడి, పిచ్చి పిచ్చి గీతలతో ఉండేది. ప్రతి అట్టలోనూ అదే. ఎవరో చంటిపిల్లల చేతికిచ్చినట్టున్నారు, కాగితమంటే లక్ష్యం లేని మనుషులని తిట్టుకుంటూ, శుభ్రమైనవి రెండూ ఉంచి, ఆ మూడోది పక్కన పడేసింది. పదకొండు కాదు, నూట నలభై బాణీలవి. పాత కాగితాల లారీవాడు గోనెసంచుల్లో కూరుకుంటుంటే, ఒకటి జారి పడితే తనే పరుగెత్తి వెళ్ళి అందించింది.

"ఏమైందే? మొహం అలా పాలిపోయింది?"

"ఏం లేదు బాబాయ్. ఎండ."

"మరి ఉన్నాయిగా? వెళ్ళి చూసుకో."

"చూసుకుంటాను" అంది. నీళ్ళ తొట్టిలో వదిలేసిన ట్యూబు లోంచి బుడగలు వస్తూనే ఉన్నాయి. ఆయన దాన్ని పైకి తీసి, చిల్లు మీద వేలు పెట్టుకుని, గుర్తు పెట్టడానికి సుద్దముక్క కోసం వెతుక్కుంటున్నాడు.

గది దగ్గరికి తిరిగి వచ్చి పదకొండు అట్టలూ మళ్ళీ విప్పింది. తెలిసి తెలిసీ విప్పింది. అన్నిట్లోనూ కార్నెట్టు కాగితాలు రెండేసి, కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటిని చూసి మురిసిపోయింది తనేనా అనిపించింది. రేపటికోసం రిజిస్టరు తీసి అట్టల పక్కన పెట్టుకుంది.

గురువారం పదిన్నరకు సూపరింటెండెంటుగారి గదిలో టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది, సంతకం చోట పెన్సిలుతో చిన్న గుర్తు కూడా పెట్టి ఉంది. కొత్త మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. బీరువా అక్క రిజిస్టరునూ ఒక పాత బాణీ అట్టనూ బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పింది. పుస్తకాలు ఎప్పుడూ లేవని చెప్పింది. మాస్టారి కాగితం ఏదో చెప్పింది. దాన్ని ఎవరు పారేశారో చెప్పింది.

"నేనేనండీ. ఈ చేతుల్తోనే. పెద్ద మాస్టారికి ఏ పాపమూ తెలియదు. ఏం రాయించుకుంటారో రాయించుకోండి, సంతకం పెడతాను."

సూపరింటెండెంటుగారు కళ్ళజోడు నెత్తి మీంచి ముక్కు మీదికి దించుకున్నారు. రిజిస్టరులో ఎర్రగీతలు చూశారు, పేజీ తిప్పారు. వెనక గుండుసూదితో పెట్టిన ఉత్తరువు కనబడింది. అదనపు, చిరిగిన, గీతలు పడిన ప్రతులను తొలగించవలెను. కింద సంతకం ఆయనదే. ఆయన దాన్ని చాలాసేపు చదివారు, రెండు ముక్కల ఉత్తరువుకు అంతసేపు అక్కర్లేదు.

"సరేలే" అన్నారు చివరికి. "తెలియక జరిగింది. ఇందులో నీ తప్పూ లేదు, ఇంకొకరి తప్పూ లేదు. అందరం ఇక్కడితో మర్చిపోదాం." టైపు చేసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో పడేశారు.

నిన్నటి దాకా దొంగతనం, ఇవాళ ఎవరి తప్పూ లేదు. ఆమె తిట్లకు సిద్ధపడి వచ్చింది. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

కొత్త మాస్టారు అట్టలోంచి కార్నెట్టు కాగితం తీసి చూస్తున్నాడు. ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి నెమ్మదిగా మాట్లాడాడు. "ఇది వాయించేవాడి కాగితం అక్కా. మిగతావాళ్ళ సంగతి ఇందులో ఉండదు. అచ్చుకాగితమైతే ఏదో ఒక ఊళ్ళో ఇంకో ప్రతి దొరకొచ్చు. ఆయన రాసుకున్నది దొరకదు కదా. అసలు నాకు కావాల్సింది అదే. ఈ బ్యాండు ఎలా వాయించేదో అది." కాగితం అట్టలో పెట్టి, నాడా కట్టబోయి, ముడి రాక ఆమె చేతికిచ్చాడు.

"వందేళ్ళ పండక్కి కొత్త బాణీలు తెప్పిద్దాం, స్కోర్లతో సహా" అన్నారు సూపరింటెండెంటుగారు హుషారుగా. "అన్నట్టు అమ్మా, నడిపించడానికి వీల్లేనప్పుడు ఆ పాత కాగితాలు ఉంచుకుని ఏం చేసుకుంటాం? చోటు దండగ. ఆ బీరువా కూడా ఖాళీ చేసెయ్యి. నీ అంత శుభ్రంగా ఆ పని ఇంకెవరు చేస్తారు?"

"అలా చెయ్యకండి సార్" అన్నాడు కొత్త మాస్టారు.

"మీరు ముప్ఫై అయిదు కాగితాలూ కూర్చి స్కోర్లు రాస్తారా? ఒక్కోదానికి ఎన్నాళ్ళు పడుతుంది? పండగ వచ్చే నెల్లో."

కొత్త మాస్టారు కిటికీ వైపు తిరిగాడు.

"మరి హాలుకి పెద్ద మాస్టారి బోర్డు?" అని అడిగింది ఆమె, గుమ్మం దగ్గర ఆగి.

"చూద్దాం, చూద్దాం. ముందు ఈ హడావిడి కానీ" అని ఆయన టీ కోసం గంట కొట్టారు.

అక్కణ్ణుంచి తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్ళింది. సంచిలో ఒక శుభ్రమైన కార్నెట్టు కాగితం, కొత్తగా చెక్కిన ఎర్ర పెన్సిలు ఉన్నాయి. ఏమనుకుని తెచ్చిందో తనకే తెలియదు. చెప్పేద్దామనుకుంది, కాళ్ళ మీద పడదామనుకుంది. ఎడమచేత్తో ఒక్క గీత గీసినా చాలనుకుంది.

"మాస్టారి మీద పడ్డ మాట తొలగిపోయింది పిన్నిగారూ. ఆయన తియ్యలేదని తేలిపోయింది" అని గుమ్మంలోనే చెప్పింది.

"తేలడమేమిటే, మునిగితే కదా తేలడానికి" అంది ఆవిడ. అని, కొంగుతో కళ్ళు తుడుచుకుని దారి ఇచ్చింది.

ఆమె స్టూలు జరుపుకుని కూర్చుని, కాగితాన్ని మాస్టారి ఒళ్ళో పరిచి, పెన్సిలు ఎడమచేతి వేళ్ళ మధ్య పెట్టింది. ఆయన కాగితం వంక చూశారు. నెత్తిన పేరు చదివారు, మొహం వికసించింది. పెన్సిలు ఎప్పుడు జారిపోయిందో చూసుకోలేదు. కాగితాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నారు, దూరంగా పెట్టారు. తిరగేసి వెనక చూశారు. మళ్ళీ ముందు చూశారు. మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా వేలు పెట్టి నడిపించారు. ఎక్కడా తన రాత తగల్లేదు.

"మాస్టారూ, అదీ..." అంది ఆమె.

ఆయన కాగితం పక్కన పెట్టి, ఇది కాదన్నట్టు వేలు ఆడించారు. ఈసారి కోపం లేదు. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి పాఠం చెప్పేటంత ఓర్పు ఉంది ఆ మొహంలో. మూడు వేళ్ళు నోటి ముందు పెట్టుకుని మెల్లగా నొక్కారు. తర్వాత అదే చేత్తో గాలిలో గీతలు గీశారు, ఇటొకటి, అటొకటి, సున్నా చుట్టారు. మళ్ళీ కాగితాన్ని వేలితో కొట్టి చూపించారు. దీని పక్కనే ఉంటుంది, వీటిల్లోనే ఉంటుంది, గీతలున్నది, చూడు.

ఆమెకు ఒక్క ముక్క కూడా పొల్లు పోకుండా అర్థమైంది. మంగళవారం నాడే ఇంత బాగా అర్థమైతే ఏం ఒరిగేది? మూడేళ్ళ కిందట కావలసింది ఆ అర్థం.

"ఏమంటున్నాడే?" అంది చెల్లెలు వెనకనుంచి.

"ఎక్కడుందో చెబుతున్నారు పిన్నిగారూ."

"ఉందా మరి అక్కడ?"

మాస్టారు ఆమె పెదవుల వంకే చూస్తున్నారు.

"ఉంటుంది" అంది బీరువా అక్క. "సరిగ్గా చూడలేదు నేను. రేపు వెతుకుతాను మాస్టారూ. తెచ్చి చూపిస్తాను."

ఆయన తల ఊపారు. ఆ తల ఊపు ఆమె ఎరుగును. బాణీ సరిగ్గా ముగిసినప్పుడు బ్యాండు మొత్తానికి ఒక్కసారి ఊపేవారు. తర్వాత దిండు మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదని, ఇవాళ పడుకున్నాడని, నీ కడుపు చల్లగుండ అని చెల్లెలు గుసగుసగా అంది.

ఆమె పెన్సిలు నేల మీంచి తీసుకుని, కాగితం మడత పడకుండా సంచిలో పెట్టుకుంది.

"రేపు ఎన్నింటికొస్తావు?" అని అడిగింది ఆవిడ తలుపు దగ్గర.

"పొద్దున కొంచెం పనుంది పిన్నిగారూ" అంది. "బీరువా ఖాళీ చెయ్యాలి."